చేతులు: రెండు

పద్మాకర్ గారి రెండు చేతుల్లోనూ కలిపి ఒకే ఒక్క పనితనం ఉందని తేల్చింది నేనే. ముప్ఫై ఏళ్ళు ప్రయోగశాలలో గడిపినదాన్ని. ఇన్నేళ్ళలో నాకు మనస్ఫూర్తిగా నవ్వొచ్చిన ఫలితం అదొక్కటే.

విజయవాడలో మా పనితనం బదిలీ కేంద్రం ప్రారంభోత్సవం రోజు సంగతి అది. మేం తయారుచేసిన టోపీ తలకి పెట్టుకుంటే, ఆ మనిషి చేతులు కష్టపడి నేర్చుకున్న పనులన్నీ ఎదురుగా గోడ మీద వెలుగు మచ్చల్లా కనిపిస్తాయి. ఒక్కో పనికి ఒక్కో మచ్చ. ముందు మా క్యాంటీన్‌లో దోసెలు పోసే కాంతమ్మని కూర్చోబెట్టాం. పధ్నాలుగు మచ్చలు వెలిగాయి. దోసె, పూలు కట్టడం, చేప పొలుసు తియ్యడం, చివరికి ఆవిడే మర్చిపోయిన చిన్నప్పటి అచ్చంగాయల ఆట కూడా. అది చూసి ముఖ్య అతిథి పద్మాకర్ గారికి హుషారు వచ్చి తనూ కూర్చున్నారు. ఆయన ఒక పెద్ద సరుకు రవాణా కంపెనీలో మేనేజరు. ఆ కంపెనీ పేరు రాసి కాగితం పాడుచెయ్యను. గోడ నల్లగా ఉండిపోయింది. ఓ మూల మాత్రం చిన్న మచ్చ మిణుకుమంటోంది, అదేమిటో అర్థం కాలేదు. మా డైరెక్టరు గారికి చెమటలు పట్టాయి. ఇంతలో ఎవరో సందర్శకుల పుస్తకం అందించారు. పద్మాకర్ గారు సంతకం పెట్టారు. మచ్చ భగ్గుమంది.

"కావలసింది అదే కదా మేడమ్!" అని ఆయన పగలబడి నవ్వారు. అందరూ నవ్వారు. ఆ నివేదికని నేను ఫైల్లో పెట్టి దాచాను.

చూపించడం వరకే అయితే ఆ టోపీని బొమ్మల కొలువులో పెట్టుకోవచ్చు. దానికి ఇంకో గుణం ఉంది. ఒకరి చేతి పనితనాన్ని వాళ్ళ మెదడులోంచి చదివి ఇంకొకరి మెదడులోకి దించగలదు. చదివిన చోట మాత్రం చెరిగిపోతుంది, పలక మీద తడిగుడ్డ పెట్టినట్టే. నకలు తియ్యడం మాకు చేతకాలేదు. మా చేతకానితనం మీద ప్రభుత్వం ఏకంగా ఒక చట్టమే కట్టింది.

అంతకు ముందు, ప్రమాదంలో దెబ్బ తగిలి పని పోయినవాళ్ళకి ట్రిబ్యునల్ వాళ్ళ వయసునీ సంపాదననీ హెచ్చవేసి డబ్బు ఇప్పించేది. డబ్బుతో చెయ్యి తిరిగొస్తుందా అని మాలాంటి మేధావులం వ్యాసాలు రాశాం. దాంతో 'పనికి పని' చట్టం వచ్చింది. ఎవరివల్ల నీ పనితనం పోయిందో వాళ్ళు నీకు పనితనమే తిరిగి ఇవ్వాలి. మొదటి ముసాయిదాలో 'తమ చేతుల్లోంచి' అని ఉండేది. కంపెనీల వకీళ్ళు దాని పక్కన 'లేదా తగిన దాత ద్వారా' అని నాలుగు మాటలు చేర్పించారు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా ఏ పెద్దమనిషీ తన చేతుల్లోంచి ఒక్క పనీ ఇచ్చుకోలేదు. ఇచ్చుకోడానికి ఉంటే కదా.

సలోమి మా దగ్గరికి ఫిబ్రవరిలో వచ్చింది. ఆటోనగర్‌లో లారీల మీద కుంచెతో అక్షరాలు రాసే పిల్ల, ఇరవై ఎనిమిదేళ్ళు. స్టిక్కర్లు వచ్చి ఆ పనిని మింగేస్తుంటే, ఉన్న నలుగురైదుగురు పెయింటర్లలో ఆమే చిన్నది, ఆమే మేటి. కొత్తగా పెట్టిన చిత్రకళాశాలలో చేతి అక్షరాలు నేర్పే అధ్యాపకురాలిగా ఎంపికయింది. డిగ్రీ లేకపోయినా ఆమె రాసిన లారీలని చూసి ఉద్యోగం ఇచ్చారట. లోకంలో అప్పుడప్పుడూ ఇలాంటి వింతలు కూడా జరుగుతుంటాయి. జూన్‌లో చేరాలి.

నవంబరులో పద్మాకర్ గారి కంపెనీ యార్డులో ఆమె లారీకి పేరు రాస్తుండగా, పైకి లేచే ఇనప గేటు ఊడి తల మీద పడింది. మూడేళ్ళుగా ఆ గేటు గొలుసు తుప్పు పట్టి ఉంది. మూడేళ్ళుగా నెలనెలా 'తనిఖీ చేశాను, బాగానే ఉంది' అనే కాగితం మీద సంతకం కూడా ఉంది. ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు.

తల గాయం మానింది. నడుస్తుంది, మాట్లాడుతుంది, చదువుతుంది. చేతులకి దెబ్బే తగల్లేదు. రాత మాత్రం పోయింది. మా దగ్గర కుంచె ఇచ్చి రాయమంటే 'అ' ఎలా ఉండాలో నోటితో వర్ణించి చెప్పింది. చెయ్యి మాత్రం ఆ పక్కకే పోలేదు. రంగు బొట్లు బొట్లుగా కారి, అట్ట మీద ఒక మురికి మడుగు కట్టింది. ఆ పిల్ల ఏడవలేదు. కుంచెని టర్పెంటైన్‌లో శుభ్రంగా కడిగి, గుడ్డతో తుడిచి, నా బల్ల మీద పెట్టింది. నాకు ఏడుపొచ్చింది.

ఆమెతో పాటు మస్తాన్ మేస్త్రి వచ్చాడు. సలోమికి పదిహేడేళ్ళప్పుడు చేతికి కుంచె ఇచ్చినవాడు. అరవై మూడేళ్ళ మనిషి, కుడిచేతికి చూపుడువేలు లేదు. పదకొండేళ్ళప్పుడు లారీ బాడీలు కట్టే షెడ్డులో రంపం కింద పోయిందట. మిగిలిన నాలుగు వేళ్ళతోనే యాభై ఏళ్ళు రాశాడు. కుంచెని బొటనవేలికీ నడిమివేలికీ మధ్య ఇరికించి, చిటికెనవేలు రేకుకి ఆనించి రాసేవాడు. ఆయనకి ఇంకో అలవాటుంది. అందరూ అక్షరం రాసి తలకట్టు పెడతారు. ఈయన వరుస పొడుగునా ముందు తలకట్లన్నీ పెట్టేసి, తర్వాత వాటి కింద అక్షరాలు వేలాడదీస్తాడు. శిష్యులందరిదీ అదే పద్ధతి.

"ఏందండీ డాక్టరమ్మా, ఈ టోపీ పెడితే మా పిల్లకి రాత వచ్చుద్దా?" అన్నాడు.

"దాత దొరికితే వస్తుంది. అదే పని తెలిసినవాళ్ళు తమ పనితనం వదులుకోడానికి ఒప్పుకోవాలి."

"వదులుకుంటే ఆళ్ళకి?"

"పోతుంది."

"కొంచెం కూడా మిగలదా?"

"మిగలదు."

"అట్టాంటిది ఎవడిత్తాడమ్మా!" అని తల అడ్డంగా ఊపాడు.

ఎవరు పడితే వాళ్ళు దాతగా పనికిరారనీ, ఒకే చోట ఒకే పద్ధతిలో నేర్చుకున్నవాళ్ళదయితేనే బాగా అతుకుతుందనీ, లేకపోతే చెయ్యి ఒకటి తలుస్తుంది, మెదడు ఒకటి తలుస్తుందనీ నేను వివరించాను. నా విద్వత్తంతా ఒలకబోశాను. కంపెనీ తరఫున పద్మాకర్ గారు పక్కనే కూర్చుని ఉన్నారు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నారు. రాయడం కూడా ఒక పనే కదా, ఆ మచ్చ గోడ మీద ఎందుకు కనిపించలేదో అని నేను లోపల్లోపల నవ్వుకున్నాను. నవ్వుకునే బదులు నోరు మూసుకుని ఉండాల్సింది.

సలోమికి అర్థమయ్యేలా చెప్పాల్సినది ఇంకొకటి ఉంది. దాత పనితనం దిగాక ఆమె ట్రిబ్యునల్ ముందు పని చేసి చూపించాలి. 'నాకు పోయింది నాకు వచ్చింది' అని తృప్తిపత్రం మీద సంతకం చెయ్యాలి. అప్పుడే కేసు ముగిసినట్టు, చెయ్యి బాగున్నట్టు ట్రిబ్యునల్ కాగితం ఇస్తుంది. ఆ కాగితం లేనిదే చేర్చుకోమని కళాశాలవాళ్ళు కచ్చితంగా చెప్పేశారు.

"అంటే జూన్ లోపల దాత దొరక్కపోతే ఉద్యోగం లేనట్టే గదండీ," అంది సలోమి.

"లేనట్టే."

మేస్త్రి పోతూ పోతూ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి మచ్చలు వెలిగే ఆ గోడని కాసేపు చూశాడు.

ఏప్రిల్‌లో హైదరాబాద్ కేంద్రం నుంచి, అక్కడ చదివిన పనితనంతో, సీలు వేసిన పెట్టె వచ్చింది. దాత దొరికాడు. దాతల పేర్లు మాకు చెప్పరు, నంబర్లే. దీని నంబరు ముప్ఫై ఒకటి. కూడా వచ్చిన ఫారంలో పురుషుడు, అరవై దాటిన వయసు, వృత్తి పెయింటరు అని ఉంది. శరీర వివరాల కింద 'చేతులు: రెండు' అని ఉంది. అక్కడితో సరి. ఆ ఫారం తయారుచేసిన కమిటీలో పదకొండు మంది ఉన్నారు. నేనూ ఉన్నాను. గుర్రాల సంతలో పళ్ళు కూడా చూస్తారు. మేం చేతులు లెక్కపెట్టి ఊరుకున్నాం.

తొమ్మిది విడతల్లో దించాలి. సలోమి రోజూ పొద్దున్నే ఆటోనగర్ నుంచి బస్సులో వచ్చేది. టోపీ పెట్టుకుని రెండు గంటలు కళ్ళు మూసుకుని పడుకునేది. లేచాక నాతో కబుర్లు చెప్పేది. వాళ్ళమ్మ చర్చి దగ్గర ఇడ్లీ బండి నడుపుతుందట. ఉద్యోగం వస్తే ఆ బండి మీద పేరు కొత్తగా రాసి ఇస్తానని మాట ఇచ్చిందట.

"మీ మేస్త్రి రావడం లేదేం?" అని ఒకరోజు అడిగాను.

"నెల్లూరులో ఆళ్ళ చెల్లెలికి బాలేదంటండీ, ఎల్లాడు. ఫోన్ చేస్తే రెండు ముక్కలు మాట్లాడి పెట్టేత్తన్నాడు."

ఆరో విడత అయ్యాక కుంచె చేతికిచ్చాను. ముందు చెయ్యి తడబడింది. తర్వాత దానంతట అదే రంగు డబ్బా అంచుకి కుంచెని రెండుసార్లు తట్టి, రేకు మీదికి వెళ్ళింది. ఒక తలకట్టు పడింది. పక్కన ఇంకొకటి, ఇంకొకటి. ఆరు తలకట్లు ఒకే ఎత్తున, ఒకే వాలున వచ్చాయి. సలోమి గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది, నవ్వో ఏడుపో తెలీదు. నేనయితే చప్పట్లు కొట్టాను. పద్ధతి కూడా అదే, చూశారా ఎంత బాగా అతికిందో అని పక్కనున్న టెక్నీషియన్‌తో గొప్పలు పోయాను.

అప్పుడు నాకు ఆమె చూపుడువేలు కనిపించింది. అది కుంచెని పట్టుకోలేదు. నిటారుగా పైకి లేచి, పక్కకి తొలగి, ఎవరికో దారి ఇస్తున్నట్టు నిలబడి ఉంది.

"వేలు తిమ్మిరెక్కిందా?" అన్నాను.

"లేదండీ."

"కిందికి దించి కుంచె పట్టుకో."

దించింది. వేలు కుంచెకి తగలగానే గీత వంకర పోయింది. మళ్ళీ రాయబోతే వేలు మళ్ళీ లేచింది. నరాల్లో ఎక్కడో లోపం ఉందనుకుని నేను కొలతలు తియ్యడం మొదలుపెట్టాను. సలోమి కదలకుండా ఆ వేలినే చూస్తూ కూర్చుంది.

"కొలవొద్దులెండి," అంది. "లోపం ఏం లేదు. ఈ చేతికి ఈ వేలు ఉందని తెలవదు, అంతే. ఇది మా మేస్త్రి చెయ్యండీ."

ఇద్దరం ఆటో ఎక్కాం. మిట్టమధ్యాహ్నం ఆటోనగర్ వేడికి పెనంలా ఉంది. రాత పోయాక సలోమి గుమ్మం తొక్కని ఆ షెడ్డులో మస్తాన్ మేస్త్రి ఉన్నాడు. నెల్లూరూ లేదు, చెల్లెలూ లేదు. పాత లారీ తలుపు ముందు గొంతుక్కూర్చుని, బ్లేడుతో పాత రంగు గీకుతున్నాడు. ఏ చెయ్యయినా చెయ్యగలిగిన పని అది. మమ్మల్ని చూసి బ్లేడు కింద పెట్టాడు గానీ లేవలేదు.

సలోమి ఆయన ముందు కూర్చుని తన కుడిచెయ్యి చాచి, వేలు పైకి లేపి చూపించింది.

"ఏంది మేస్త్రీ ఇది?"

ఆయన ఆ వేలిని చూసి ముందు తెల్లబోయాడు. తర్వాత నవ్వేశాడు. "ఓర్నీ! ఇట్టా దొరికిపోతానని అనుకోలేదమ్మాయ్. ఎవురిదో చెప్పరన్నారే!"

"నవ్వుతున్నావా? సిగ్గులేదూ?"

"ఉంటే ఇన్నేళ్ళు లారీలకి రాత్తానా?"

ఆమె ఆయన భుజం మీద గట్టిగా ఒకటి వేసింది. ఆ తర్వాత ఆ భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. మార్చిలో పద్మాకర్ గారు కారులో ఈ షెడ్డుకి వచ్చారట. మేస్త్రి ఇస్తే అమ్మాయి కేసు నెలలో ముగుస్తుందనీ, ఇవ్వకపోతే కంపెనీ పై కోర్టుకి వెళ్తుందనీ, ఎనిమిదేళ్ళు పడుతుందనీ మర్యాదగా చెప్పారట. సరిపోయే చెయ్యి ఇదొక్కటేనని డాక్టరమ్మే అన్నారని కూడా చెప్పారట. టీ తాగి, గ్లాసు బాగుందని మెచ్చుకుని వెళ్ళారట.

"ఎనిమిదేళ్ళంటే మాటలా?" అన్నాడు మేస్త్రి. "నాకింక ఎన్ని లారీలు మిగిలినయ్యమ్మా? నెలకి రెండొత్తే గొప్ప. నువ్వు బడిలో చెప్తే ఏడాదికి ముప్పై మంది నేర్చుకుంటారు. నాకు లాభమే గదా."

"గీకుతున్నావే! యాభై ఏళ్ళు రాసి గీకుతున్నావే!"

"గీకడం కూడా రావాలమ్మా," అన్నాడు, కానీ ఆ మాటకి ఆయనకే నమ్మకం లేదు. నా వైపు తిరిగాడు. "అట్టా అనుకోలేదు డాక్టరమ్మా. మర్చిపోతానేమో అనుకున్నా. మర్చిపోతే బాగుండు. ఏ లారీకి ఏం రాశానో అన్నీ గుర్తున్నయ్. చెయ్యే నన్ను గుర్తుపట్టట్లా."

నాకు నా మీద పుట్టిన అసహ్యం గురించి ఎక్కువ చెప్పను. దారి చూపించింది నేను. ఆ దారిన పద్మాకర్ గారు కారేసుకుని వచ్చారు.

వెనక్కి ఇచ్చెయ్యొచ్చా అని సలోమి అడిగింది. ఒకసారి దిగిన పనితనాన్ని మళ్ళీ చదివితే సగం పైగా చెదిరిపోతుంది. అటు మేస్త్రికీ ఉండదు, ఇటు ఆమెకీ ఉండదు. ఆ సంగతి చెప్పాను. మిగిలిన మూడు విడతలూ మేస్త్రి బలవంతం మీద పూర్తి చేయించుకుంది. ఆ మూడు రోజులూ నాతో ఒక్క కబురూ చెప్పలేదు.

మే నెలాఖరున ట్రిబ్యునల్‌లో విచారణ. జడ్జి గారి బల్ల పక్కన రేకు, రంగు, కుంచె పెట్టారు. పద్మాకర్ గారు కొత్త చొక్కా వేసుకుని, కొత్త పెళ్ళికొడుకులా వచ్చారు. తృప్తిపత్రం అచ్చువేయించి, సలోమి సంతకం చెయ్యాల్సిన చోట పెన్సిల్‌తో చిన్న గుర్తు కూడా పెట్టించారు. అంత శ్రద్ధ గేటు గొలుసు మీద చూపిస్తే మేమెవ్వరం అక్కడ ఉండేవాళ్ళం కాదు.

సలోమి కుంచె తీసుకుంది. ముందు వరుసంతా తలకట్లు, తర్వాత వాటి కింద అక్షరాలు. పది నిమిషాల్లో 'మస్తాన్ లారీ పెయింటింగ్' అని ఎర్రగా, నిండుగా, నీడతో సహా రాసేసింది. జడ్జి గారు కళ్ళజోడు సర్దుకుని ముందుకి వంగారు.

"అద్భుతంగా ఉందమ్మా. సంతోషం. ఇక సంతకం చెయ్యండి."

"నా వేలు చూశారా సార్?" అంది సలోమి.

ఆయన చూశారు. ఆమె వివరంగా చెప్పింది. ఒక్క మాట కూడా ఎక్కువ చెప్పలేదు. చివర వరసలో కూర్చున్న మేస్త్రిని లేపి, ఆయన కుడిచెయ్యి ఎత్తించింది. హాల్లో ఎవరో చిన్నగా "అయ్యో" అన్నారు.

"గేటు పడింది నా మీద," అంది. "ఆళ్ళు తెచ్చి ఇచ్చింది మా మేస్త్రి చెయ్యి. అంటే దెబ్బ తిన్నదీ మేమే, నష్టం పూడ్చిందీ మేమే. ఆళ్ళకేం పోయింది సార్? టీ కూడా మేమే ఇచ్చాం. ఈయన పేరు కూడా ఆ గేటు కింద దెబ్బ తిన్నోళ్ళలో రాయండి. అప్పుడు చేత్తా సంతకం."

పద్మాకర్ గారు లేచారు. దాత ఇష్టపూర్వకంగా ఇచ్చాడనీ, వేలిముద్ర ఉందనీ చెప్పారు. అయినా కంపెనీది పెద్ద మనసనీ, దాతకి కూడా పరిహారంగా పనితనం ఇప్పించడానికి సిద్ధమనీ అన్నారు. "మా జాబితా ప్రకారం ఆయనకి సరిపోయే దాత ప్రస్తుతం ఒక్కరే ఉన్నారు సార్. ఈ అమ్మాయే." ఆ మాట ఆయన నవ్వకుండా అన్నారు. నవ్వులాటకి కూడా కాదు. దాంట్లో తప్పేముందో ఆయనకి నిజంగానే తెలియలేదు. ముప్ఫై ఏళ్ళలో ఎన్నో మెదళ్ళు చూశాను గానీ, అంత శుభ్రంగా ఖాళీగా ఉన్నది ఇంకొకటి చూడలేదు.

నేను లేచి నిలబడ్డాను. నన్నెవరూ పిలవలేదు. "చట్టంలో మొదటి మాట ఇంకా ఉంది సార్. 'తమ చేతుల్లోంచి'. గేటు బాగుందని రాసిచ్చింది ఈయనే. ఈయన చేతుల్లో ఏముందో మా కేంద్రం నివేదిక ఉంది," అని ఫైల్లోంచి తీసి ఇచ్చాను.

జడ్జి గారు చదివారు. మళ్ళీ చదివారు. "సంతకం ఒక్కటే ఉన్నట్టుందే," అన్నారు, తనలో తను అనుకున్నట్టు. తర్వాత సలోమి వైపు చూశారు. "చట్ట ప్రకారం దీన్ని తీసుకుని మీ మేస్త్రికి ఇప్పించే అధికారం నాకుంది. కావాలా?"

"మాకొద్దండీ," అంది సలోమి. "నా నెత్తిన పడింది గేటనుకుంటున్నారా? కాదు, ఆ సంతకమే."

పద్మాకర్ గారి చెవులు ఎర్రబడ్డాయి. అది కూడా ఒక మచ్చే కదా అని నాకు తృప్తి కలిగింది.

జడ్జి గారు మంచివారే. మంచివారు చెయ్యగలిగినదే చేశారు. జూలైకి వాయిదా వేశారు. దాత నష్టపోయినట్టు సాక్ష్యం ఉంటే అప్పుడు చూపించమన్నారు. తృప్తిపత్రం సలోమి చేతికిచ్చి, మనసు మారితే ఈ లోపల సంతకం చేసి తెమ్మన్నారు.

మనసు మారలేదు. జూన్ మొదటి సోమవారం కళాశాల తెరిచారు. సలోమి స్థానంలో కంప్యూటర్ అక్షరాలు నేర్పే ఒకాయనని పెట్టుకున్నారు. ఆ వార్త నేనే తీసుకువెళ్ళాను. ఎవరో ఒకరు చెప్పాలి కదా, ఈ నోరు చేసిన పాపానికి ఈ నోరే చెప్పడం న్యాయం అనిపించింది.

షెడ్డులో లారీ తలుపు మీద రేకు ఆనించి ఉంది. దాని ముందు స్టూలు మీద మేస్త్రి, పక్కన నిలబడి సలోమి. మేస్త్రి చేతిలో కుంచె ఉంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళందరిలాగే ఆయన కూడా కుంచెని చూపుడువేలితో పట్టుకోవాలని చూస్తున్నాడు. లేని వేలి మొండిని తెచ్చి కుంచెకి నొక్కుతున్నాడు. కుంచె జారిపోతోంది.

"ఆ వేలు పైకెత్తు మేస్త్రీ."

"లేని వేలు ఎట్టా ఎత్తనమ్మా?"

"నాకు ఉండి ఎత్తుతున్నా గదా. నన్ను చూసి ఎత్తు."

ఆమె తన చెయ్యి ఆయన చెయ్యి పక్కన పెట్టి, నిటారుగా లేచిన వేలితో, గాల్లో ఒక తలకట్టు గీసింది. మేస్త్రి ఆమె చేతిని చాలాసేపు చూశాడు. తన చేతినే మొదటిసారి బయటినుంచి చూస్తున్నాడు. "ఇట్టా పట్టుకునేవాణ్ణా నేను! బాగుందే!" అన్నాడు. కళ్ళు తుడుచుకోడానికి భుజం మీది తుండు తీశాడు.

నేను ఉద్యోగం సంగతి చెప్పాను. సలోమి, "మా అమ్మ బండి మీద పేరు మాత్రం ఈ ఆదివారం రాసేత్తానండీ," అంది. రెండు చుక్కలు రాలాయి, మోచేత్తో తుడుచుకుంది. మళ్ళీ మేస్త్రి వైపు తిరిగింది. "ఊఁ, ఇంకోటి పెట్టు."

రేకు మీద రంగు దండగని, మేస్త్రి కాగితాల మీద సాధన చేస్తున్నాడు. నేల మీద పడున్న కాగితం ఒకటి తీసి చూశాను. మందంగా, మంచి కాగితం. ఒక వైపు ఎర్రరంగుతో తలకట్లు. తిప్పితే రెండో వైపు 'నాకు పోయింది నాకు వచ్చింది' అని అచ్చు, కింద పెన్సిల్ గుర్తు, పక్కన ఖాళీ.

జూలై వాయిదాకి సలోమి పట్టుకొచ్చిన సాక్ష్యం అదే. జడ్జి గారు తృప్తిపత్రాన్ని వెనక్కి తిప్పి చూశారు. యాభై ఏళ్ళు రాసిన చెయ్యి రోజుల తరబడి కూర్చుని పెట్టిన తొమ్మిది తలకట్లు అక్కడ ఉన్నాయి. ఒకటి కాకిలా ఎగిరిపోతోంది, ఒకటి కింద పడుకుంది, మిగతావి ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి. సంతకం లేని పత్రం చెల్లదని పద్మాకర్ గారు లేచారు. కూర్చోమన్నారు జడ్జి గారు. ఆయన గొంతులో ఆ మాట అంత మోటుగా రావడం నేను ఎప్పుడూ వినలేదు. గుమాస్తాని పిలిచి, మస్తాన్ పేరు మీద కొత్త కేసు నంబరు వెయ్యమన్నారు. కాగితాన్ని సాక్ష్యంగా ఫైల్లో పెట్టమన్నారు. గుమాస్తా ఫారం తీసి, వివరాలు అడుగుతూ నింపడం మొదలుపెట్టాడు.

"చేతులు?"

"రెండు," అన్నాడు మేస్త్రి.

"వేళ్ళు కూడా రాయండి," అన్నాను నేను. అలాంటి గడి లేదన్నాడు. అంచులో రాయమన్నాను. రాశాడు.

ఆ కేసు ఎన్నేళ్ళు నడుస్తుందో తెలీదు. బయటికి వచ్చాక మెట్ల మీద సలోమి నా చెయ్యి పట్టుకుని ఆపింది. ఆరో విడత తర్వాత నాతో ఆమె నవ్వుతూ మాట్లాడడం అదే మొదటిసారి.

"ఆ కాయితంలో మూడోది చూశారా డాక్టరమ్మా? మా మేస్త్రిది, మూడో తలకట్టు. కొంచెం తిన్నగా వచ్చింది."